‘లాంగ్ హాల్’లో లోపించినది కుటుంబమే



‘డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్: ది లాంగ్ హాల్’ 2017 మే నెలలో అమెరికాలో విడుదలైంది. జెఫ్ కిన్నీ బాలల నవలల వరుసలో 2014లో వచ్చిన తొమ్మిదో పుస్తకం దీనికి ఆధారం. సినిమాల్లో ఇది నాలుగోది. మొదటి మూడూ (2010, 2011, 2012) ప్రపంచవ్యాప్తంగా ఒక్కొక్కటి 7 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశాయి. ఇది సుమారు 4 కోట్ల దగ్గరే ఆగిపోయింది.

నటులు మారడమే ఇందుకు కారణమని చాలామంది అభిమానులు తేల్చేశారు. కథానాయకుడు గ్రెగ్ హెఫ్లీ కుటుంబంలో అందరూ కొత్తవాళ్లే. అన్న రాడ్రిక్‌గా డెవాన్ బోస్టిక్ స్థానంలో చార్లీ రైట్ కనిపించేసరికి ‘ఇతను మా రాడ్రిక్ కాడు’ అంటూ సామాజిక మాధ్యమాల్లో దుమారం రేగింది. ఈ కోపం అన్యాయమైనది. తొలి చిత్రాల్లో గ్రెగ్‌గా నటించిన జాకరీ గోర్డన్ అప్పటికే యువకుడైపోయాడు. మిడిల్ స్కూలు పిల్లవాడి పాత్రకు మరొకరిని వెతకక తప్పదు. ఆ పాత్ర వేసిన జేసన్ డ్రకర్ గానీ, తల్లి సూజన్‌గా అలీసియా సిల్వర్‌స్టోన్ గానీ తమకు అప్పగించినదాంట్లో లోటు చేయలేదు. అప్పగించినదే బహు స్వల్పం.

తప్పు కథనానిది. ఇంటి పెద్దావిడ 90వ పుట్టినరోజుకు కుటుంబమంతా కారులో బయలుదేరుతుంది. దారి పొడవునా ఎవరూ ఫోను ముట్టకూడదని తల్లి శాసిస్తుంది. తండ్రి ఆమెకు తెలియకుండా ఆఫీసు పనులు చక్కబెడుతుంటాడు. కొడుకేమో వీడియో గేముల ప్రదర్శనకు చేరడానికి జీపీఎస్‌లో దారినే మార్చేస్తాడు. ఒకే కారులో కూర్చుని, ఒకరి కళ్లు ఒకరు కప్పుతున్న మనుషులు వీళ్లు. నేటి ఏ ఇంట్లోనైనా కనిపించే ఈ సంకటం నుంచి ఎంత హాస్యమైనా పుట్టించవచ్చు. సినిమా దాన్ని పైపైన తడిమి వదిలేసింది. ఆ స్థానంలో చేతికి అంటుకున్న డైపర్, కారులోకి చేరిన పందిపిల్ల, మీదపడే సముద్రపక్షులు, వాంతులు వచ్చి చేరాయి. హిచ్‌కాక్ ‘సైకో’ (1960) స్నానాల గది సన్నివేశానికి పేరడీ కూడా ఉంది. పదేళ్ల ప్రేక్షకుడికి అది అందదు, అందిన పెద్దలకు నవ్వు రాదు.

పుస్తకాల బలం వేరు. గ్రెగ్ స్వార్థపరుడు, పిరికివాడు, తప్పంతా ఇతరుల మీదకు నెట్టేవాడు. అతని డైరీ రాతలు అతన్ని సమర్థిస్తుంటే, పక్కనే ఉన్న గీతల బొమ్మలు అసలు సంగతి బయటపెడతాయి. నవ్వు ఆ తేడాలోంచి వస్తుంది, అంటే మనిషి స్వభావంలోంచి వస్తుంది. 2011 నాటి రెండో చిత్రం ‘రాడ్రిక్ రూల్స్’ ఈ కిటుకును పట్టుకుంది. కీచులాడుకునే అన్నదమ్ములు కాసేపు కలిసి గడిపితే తల్లి వాళ్లకు ‘మామ్ బక్స్’ అనే ఇంటి నోట్లు ఇస్తుంది. డబ్బుకోసం మొదలైన ఆ కపట స్నేహం కథ నడిచేకొద్దీ నిజమైన ఆపేక్షగా మారుతుంది. చివర ప్రతిభా ప్రదర్శనలో రాడ్రిక్‌కు డ్రమ్ములు వాయించే అవకాశం దక్కడానికి, ఇష్టం లేకపోయినా గ్రెగ్ వేదిక ఎక్కుతాడు. ఆ ఘట్టం నవ్విస్తుంది, ఆ అన్నదమ్ముల మీద ఇష్టమూ కలిగిస్తుంది. ‘లాంగ్ హాల్’లో ఇలాంటిది ఒక్కటీ లేదు. రాజీ కుదిరినట్టు చూపించారు గానీ, అందుకు తగ్గ ముడి ముందు ఎక్కడా బిగించలేదు.

మరింత బాధ కలిగించే విషయం, రెంటికీ దర్శకుడు డేవిడ్ బవర్స్ ఒక్కడే కావడం. నాలుగో చిత్రం స్క్రిప్టులో కిన్నీ పేరు కూడా ఉంది. తెలియనివాళ్లు చేసిన పొరపాటు కాదిది. పిల్లలకు రోత దృశ్యాలు చాలులే అన్న చిన్నచూపు ఇందులో కనిపిస్తోంది. పిల్లలు ఇంట్లో అన్నీ గమనిస్తారు, అమ్మానాన్నల మధ్య మాటల్లో తేడా వస్తే ముందుగా పసిగట్టేది వాళ్లే. వాళ్ల కోసం తీసే సినిమాకు కనీసం ఆ ఇంగితం ఉండాలి.

ఈ పుస్తకాలు ఇంగ్లీషులో చదువుకునే తెలుగు పిల్లలూ ఉన్నారు. వాళ్లకు ఈ వరుసలో ఒక సినిమా చూపించాలనుకునే తల్లిదండ్రులు ‘లాంగ్ హాల్’ను పక్కన పెట్టి, ‘రాడ్రిక్ రూల్స్’ను ఎంచుకోవాలని విన్నపం.

— ఒక పాఠకుడు