కఛువా మీ షోకేసులో, కేసు మావోడి మీద

జిల్లా పేపర్లలో అప్పుడప్పుడూ ఒక ఫోటో వస్తుంది, మీరూ చూసే ఉంటారు. టేబుల్ మీద వరసగా పేర్చిన నక్షత్ర తాబేళ్లు. వెనక ఛాతీ విరుచుకున్న ఖాకీలు. ముందర నేల మీద మొహాలకు టవళ్లు కట్టుకుని గొంతుక్కూర్చున్న ఇద్దరు ముగ్గురు. కాళ్లకు హవాయి చెప్పులు, ఒక్కోసారి అవీ ఉండవు. కింద "ముఠా అరెస్టు" అని హెడ్డింగు. ఆ చెప్పులు చూసినప్పుడల్లా నాకొచ్చే సవాల్ ఒకటే. జనాబ్, కొన్నోడి ఫోటో ఏదీ?

మాది గోరంట్ల. చిత్రావతి ఒడ్డు, మాధవరాయస్వామి గుడి, ఊరు దాటితే రాళ్ల గుట్టలు, కంప చెట్లు. నక్షత్ర తాబేలుకు కావలసిందల్లా ఇలాంటి మెట్ట నేలే. ఎండాకాలమంతా ఏదో పొద కింద రాయిలా పడుంటుంది. నాలుగు చినుకులు పడి గడ్డి మొలిస్తే బయటికొచ్చి మేస్తుంది. జీవాలు మేపే కురుబ మామలకు దాంతో రోజూ సలాం దువా ఉన్నట్టే. దారికి అడ్డమొస్తే కట్టెతో పక్కకు జరిపి పోయేవాళ్లు. పిల్లలం మేం దాన్ని తిరగేసి ఆడితే, "పాపం, దాని పాటికి దాన్ని పోనియ్యండ్రా" అని అదిలించేవాళ్లు.

తినేవాళ్లూ ఉండేవాళ్లు. దాచడమెందుకు? కరువు సీమ ఇది. ఉడుము, కుందేలు, తాబేలు, ఏది దొరికితే అది కుండలో పడిన ఇళ్లు ఉన్నాయి. మన ఇళ్లలో తినరు, హనఫీ ఫిఖ్‌లో అది హలాల్ కాదు. తినేవాళ్లను చూసి మనవాళ్లు మూతి విరిచేవాళ్లు, అది వేరే కిస్సా. కానీ ఆకలికి తినేవాడు ఒక్కటి దొరికితే ఆ పూటకు ఇంటికి పోతాడు. వందల్లెక్కన ఏరి గోనెసంచుల్లో కుక్కాల్సిన అవసరం ఏ కడుపుకూ లేదు. ఇంట్లో పెట్టుకుంటే లచ్మి వస్తుందని, బర్కత్ పెరుగుతుందని నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక్కరి నోటా వినలేదు. వాకిట్లో తాబేలుంటే నసీబ్ మారేటట్టయితే, మా గుట్టల కింద బతికిన గరీబులంతా ఈపాటికి నవాబులై ఉండాలి కదా!

మరి ఈ నసీబ్ కహానీ ఎక్కడిది? వాస్తు పుస్తకాలది, ఫెంగ్ షుయ్ దుకాణాలది. ముందు లోహపు తాబేలు, గాజు తాబేలు అమ్మారు. తర్వాత ప్రాణమున్నదైతే ఇంకా మేలన్నారు. కూర్మావతారమని కొందరు కళ్లకద్దుకుని కొన్నారు. మనోళ్లు మాత్రం తక్కువ తిన్నారా? తావీజ్‌లు కట్టే ఆమిళ్లలో గుడ్లగూబ గోరు అడిగేవాళ్లు, అలుగు పెంకు అడిగేవాళ్లు లేరా? రెండు తలల పాము ఇంత తూగితే ఇన్ని లక్షలని చెవిలో ఊదేవాడు, టోపీ పెట్టినా బొట్టు పెట్టినా, ఒకే దుకాణం మనిషి. ఆ పాముకు రెండు తలలు లేవు. తోక మొద్దుగా ఉంటుంది, అంతే. శకునాల్ని, లక్కును నమ్ముకోవడం షిర్క్ దాకా తీసుకుపోతుందని జుమ్మా బయాన్‌లో చెప్పే హజ్రత్‌లు ఈ ధందా గురించి ఒక్క ముక్క మాట్లాడగా నేను వినలేదు. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన ఔరత్ జహన్నుమ్ పాలైన హదీస్ మాత్రం అందరికీ నోటికొచ్చు. ఫ్లాట్‌లో టైల్స్ మీద జారుతూ తిరిగే తాబేలుకు ఆ హదీస్ వర్తించదా?

ఎందుకంటే అది అక్కడ బతకదు. ఎండ తగలదు, తినే గడ్డి దొరకదు. అన్నం మెతుకులు, క్యాబేజీ ఆకులు పెడతారు. పెంకు మెత్తబడి వంకర తిరుగుతుంది. చస్తే ఇంకొకటి తెచ్చుకుంటారు. ఆ ఇంకొకటి మా గుట్టల్లోంచే రావాలి.

లెక్క కావాలా? 2015లో అచ్చయిన ఒక పరిశోధన, ఆంధ్రప్రదేశ్‌లోని ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను పట్టుకుపోతున్నారని తేల్చింది. ఆడ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికే ఏళ్లు పడుతుంది, పెట్టేవీ కొన్నే. ఇక్కణ్ణుంచి బాగేపల్లి చేరితే కర్ణాటకే, అదే రోడ్డున ముందుకు పోతే దేవనహళ్లి ఎయిర్‌పోర్టు. కాళ్లు లోపలికి నొక్కి టేపు చుట్టిన తాబేళ్లు సూట్‌కేసుల్లో థాయ్‌లాండ్‌కో మలేషియాకో ఎగురుతాయి. పట్టినోడికి దక్కేది చిల్లర. సముద్రం దాటినాక దాని ధర ఎన్ని రెట్లు అవుతుందో పట్టినోడికి తెలియనే తెలియదు.

ఖానూన్ లేక కాదు. 2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన సైటీస్ సమావేశం ఈ తాబేలును మొదటి అనుబంధంలో చేర్చి, అడవిలో పట్టినవాటితో దేశాల మధ్య వ్యాపారాన్ని బంద్ చేసింది. మన వన్యప్రాణి చట్టమూ 2022 సవరణతో దాన్ని పులి ఉన్న షెడ్యూల్లోనే కూర్చోబెట్టింది. పడితే మూడేళ్లకు తగ్గకుండా జైలు. ఇంట్లో పెట్టుకున్నా నేరమే. మరి ఆ మూడేళ్లు ఎవరి మీద పడతాయి? మెట్ట సేద్యం ఎండిపోయి, బెంగళూరుకు వలస పోవాలా సంచి పట్టుకుని గుట్టెక్కాలా అని తేల్చుకోలేనివాడి మీద. పదో అంతస్తులో "మా పెట్" అని రీల్ పెట్టేవాడి తలుపు ఎవరు తట్టాలి?

ఇంకో జులుం ఉంది, అది ఏ ఫోటోలోనూ కనపడదు. తాబేలు బతికే ఈ ముళ్ల బీళ్లను సర్కారు లెక్కల్లో ఏమంటారో తెలుసా? వేస్ట్ ల్యాండ్. దేశం మొత్తానికి వేసిన వేస్ట్ ల్యాండ్స్ అట్లాస్‌లో పొదల నేలంతా పనికిరాని భూమి కిందే జమ. పనికిరాని నేల కాబట్టి ఏదైనా కట్టొచ్చు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, మా పాలసముద్రం దగ్గర కస్టమ్స్ అకాడమీకి 500 ఎకరాలకు పైగా పోయింది. రావద్దని నేననను, మా పిల్లలకు నౌకరీలు కావాలి. కానీ ఒక్క తాబేలు పట్టినోడికి మూడేళ్లు, దాని ఇల్లంతా చదును చేస్తే అభివృద్ధి అనే ఈ హిసాబ్ నాకు అర్థం కాదు. ఆ అకాడమీలో తయారయ్యే అఫ్సర్లే రేపు ఎయిర్‌పోర్టుల్లో ఈ సూట్‌కేసులు తెరవాల్సినవాళ్లు. ట్రైనింగులో ఒక పూట వాళ్లను గేటు బయటి గుట్టల్లోకి తీసుకుపోతే బాగుండు.

"అయితే పట్టేవాణ్ణి వదిలేయమంటావా భాయ్?" అని నా దోస్త్ ఒకడు నిలదీశాడు. వదలొద్దు. కానీ కలందర్ల సంగతి గుర్తు చేసుకో అన్నాను. మన బిరాదరీవాళ్లే. ఎలుగుబంటి ముక్కుకు తాడేసి తరతరాలుగా ఊరూరా ఆడించి బతికినవాళ్లు. అది క్రూరమే, అందులో వేరే మాట లేదు. చట్టం 1972 నాటిదే అయినా ఉత్త ఖానూన్‌తో ఆ ఆట ఆగలేదు. ఎలుగును అప్పజెప్పిన కుటుంబానికి వేరే ధందా పెట్టుకోడానికి పైసలు, పిల్లలకు చదువు ఇస్తామని సంస్థలు వాళ్ల గుడిసెల దాకా పోయి కూర్చుని మాట్లాడాయి. 2009లో ఆఖరి ఎలుగు బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టకు చేరింది. మా గుట్టల్లో సంచి పట్టుకున్నవాడి గుడిసెకు పోయి, "నీకు రోజుకు ఎంత కావాలి, ఇది మానేస్తే ఏం చేస్తావు" అని అడిగింది ఎవరు? గుట్ట మీద ప్రతి పొదా తెలిసినవాడు వాడే. జీతమిచ్చి కాపలా పెడితే వాడికంటే మంచి చౌకీదార్ దొరుకుతాడా?

అవేర్‌నెస్ అంటూ బ్యానర్లు మోసుకుని మా స్కూళ్లకు వచ్చే సాబులకు నా మన్వి: ఆ బ్యానర్లు బెంగళూరు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల లిఫ్టుల్లో కట్టండి. మా పిల్లలకు తాబేలు గురించి మీరు చెప్పేదానికంటే వాళ్లు మీకు చెప్పేదే ఎక్కువ.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరింట్లోనైనా నక్షత్ర తాబేలు ఉంటే, భయపడి రాత్రికి రాత్రి తీసుకుపోయి చెరువులో మాత్రం వేయకండి. అది మెట్ట ప్రాణి. ఈత రాదు, మునిగి చస్తుంది. ఏదో ఒక గుట్ట మీదా వదలకండి, అది ఎక్కడ పుట్టిందో మీకు తెలియదు. అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేసి అప్పజెప్పండి. ఎక్కడ కొన్నారని అడుగుతారు. ఆ దుకాణం పేరు కూడా చెప్పండి.