అభిరుచికి సంజాయిషీ అక్కరలేదా?

“నాకు నచ్చింది” అన్నది విమర్శ కాదు. విమర్శ ఆ మాట తర్వాత మొదలవుతుంది. ఇంత చిన్న విషయాన్ని ఒప్పించడానికి నేను చాలాకాలంగా మిత్రులతో తగాదా పడుతున్నాను. మేము ఐదారుగురు అధ్యాపకులం, పాటలన్నా సీరియళ్లన్నా చెవికోసుకొనేవాళ్లం. ఒకరు విన్న రికార్డు మరొకరికి వినిపిస్తాం; చూసిన సీరియల్ చూడమంటాం. పదికి ఇన్ని అని మార్కులు వేసుకొంటాం. ఎందుకన్ని అని అడిగితే మాత్రం “పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. చర్చ అక్కడ చస్తుంది.

ఈ సామెత వంటింట్లో చెల్లుతుంది. కాకరకాయ తినని వాణ్ణి సంజాయిషీ అడిగే హక్కు ఎవరికీ లేదు. కాని మిత్రుడు కాకరకాయ తిని ఊరుకోలేదే! నా దగ్గరికి వచ్చి అది గొప్ప కూర అన్నాడు, నన్నూ తినమన్నాడు. ఆ క్షణం నుంచి అతని రుచి అతని సొంత ఆస్తి కాదు. జవాబు పత్రాలు దిద్ది బతికేవాణ్ణి నేను. మార్కు ఎక్కడ తగ్గిందని విద్యార్థి అడిగితే పేజీ తిప్పి చూపించాలి. నా రుచి అంతే పొమ్మంటే ఊరుకుంటాడా?

కారణం అడగని అభిరుచి వ్యాపారికి మహా ఇష్టం. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2017లో నక్షత్రాలు తీసేసి బొటనవేలి గుర్తు పెట్టింది. పైకో కిందికో వేలు చూపిస్తే చాలు, నీకు తర్వాత ఏం అంటగట్టాలో దానికి తెలుస్తుంది. ఎందుకు నచ్చిందో దానికి అక్కరలేదు. ద్రోణుడు ఏకలవ్యుణ్ణి బొటనవేలు ఒక్కసారే అడిగాడు. వీళ్లు రోజూ అడుగుతున్నారు, మనం రోజూ ఇస్తున్నాం.

అయితే నా అసలు పేచీ వ్యాపారితో కాదు, మనవాళ్లతోనే. ఘంటసాల భగవద్గీత రికార్డు సంగతి తీసుకోండి. 1974 ఫిబ్రవరిలో కన్నుమూసిన ఆ గాయకుడి చివరి పనుల్లో అది ఒకటి. ఊళ్లో ఆ గొంతు వినబడితే ఎవరో పోయారనుకొనేంతగా అది శవయాత్రల బండెక్కింది. మాలో భక్తుడు దానికి పదికి పది వేశాడు. అభ్యుదయవాది సున్న వేశాడు. ఇద్దరూ మార్కులు వేసింది గీతకు. రికార్డును ఇద్దరూ వినలేదు. గీత చెప్పే వర్ణధర్మంతో నాకూ రాజీ లేదు. కాని ఇన్ని లక్షల ఇళ్లలోకి అది ఏ దారిన వెళ్లిందో తెలుసుకోవద్దా? శ్లోకం పాడి, వెంటనే తేటతెలుగులో తాత్పర్యం చెప్పే పద్ధతి అది. విజయనగరంలో శాస్త్రీయంగా నేర్చిన విద్వత్తును ప్రదర్శనకు పెట్టకుండా, మాట మాటా వినబడేటట్టు పాడాడాయన. సంస్కృతం రాని శ్రోతకు పండితుడితో పని లేకుండా పోయింది. బలం అక్కడున్నది. సున్న వేసినవాడు తాను దేనితో పోరాడుతున్నాడో తెలుసుకోకుండానే గెలిచాననుకొంటున్నాడు.

ఇక ‘తమస్’. 1975లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన భీష్మ సహానీ నవలను గోవింద్ నిహలానీ సీరియల్‌గా తీస్తే 1988 జనవరిలో దూరదర్శన్ ప్రసారం చేసింది. అప్పటికి మాలో చాలామంది పుట్టలేదు. ఈ మధ్యనే తెప్పించుకొన్నాం. మావాళ్లు దానికి తొమ్మిది మార్కులు వేశారు. ఎందుకయ్యా అంటే, మతోన్మాదాన్ని ఖండించింది, రచయిత మనవాడు. ఇది మార్కు వేయటం కాదు, కార్డు చూసి లోపలికి పంపటం. ఒక్క సహాధ్యాపకురాలు మాత్రం “మొదటి ఘట్టం సాగదీశాడు” అన్నారు. ఆ రోజు నేను విన్న మొదటి విమర్శ అదే.

ఆ ఘట్టంలో తోళ్ల పని చేసుకొనే నత్థూ ఒక పందిని చంపలేక, చంపలేక చంపుతాడు. పశువైద్యుడికి కావాలని చెప్పి డబ్బు చేతిలో పెట్టాడొకడు. తెల్లారేసరికి ఆ కళేబరం మసీదు మెట్లమీద ఉంటుంది. సాగదీయటమే అక్కడ అర్థమని నా వాదం. ఎవరికోసం చేస్తున్నాడో తెలియని కూలివాడి చెమటను అంతసేపు చూసిన ప్రేక్షకుడు, అల్లర్లు జనం పూనకంలోంచి పుట్టుతాయంటే ఇక నమ్మడు. అవి పురమాయింపు మీద పుట్టుతాయి. ఆ ఘట్టం కుదిస్తే మిగిలేది వట్టి సంఘటన. ఆవిడ ఒప్పుకోలేదు. “కూలివాడి చెమట అంతసేపు చూపినవాడు, పురమాయించినవాడి వెనక ఎవరున్నారో సూచనతో సరిపెట్టాడేం?” అన్నారు. దీనికి నా దగ్గర సగం జవాబే ఉన్నది: గుమాస్తాను చూపి యజమానిని ఊహకు వదలటం కూడా ఒక పద్ధతే. చాలదంటారావిడ. తొమ్మిది మార్కుల మిత్రులకు ఈ ప్రశ్నే తట్టలేదు.

ఈ సీరియల్‌ను ఆపించాలని 1988లో కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులిద్దరు మొత్తం సీరియల్ చూసిన తర్వాతే, ఆపనక్కరలేదని చెప్పారు. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టూ అదే అన్నది. మార్కులు వేసిన మా బృందంలో దాన్ని చివరిదాకా చూసినవాళ్లు ఇద్దరే: ఆవిడా, నేనూ.