కాపీ ఉందిగా అనుకుంటే...

1998లో అమెరికాలోని పిక్సర్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' పని జరుగుతోంది. ఎవరో పొరపాటున కొట్టిన ఒక్క కమాండ్‌తో సినిమా ఫైళ్లు వరసగా మాయమవడం మొదలుపెట్టాయి. మొదట వుడీ టోపీ పోయింది, తర్వాత బూట్లు, ఆఖరికి వుడీయే పోయాడు. బ్యాకప్ ఉందిగా అనుకున్నారంతా. తీరా చూస్తే అది కొంతకాలంగా సరిగా పనిచేయడమే లేదు! చివరికి ఆదుకుంది గేలిన్ సుస్మాన్ అనే ఉద్యోగిని ఇంట్లోని కంప్యూటర్. పసిబిడ్డ తల్లి కావడంతో ఇంటి నుంచే పనిచేసుకోవడానికి ఆమె సినిమా కాపీ ఒకటి అందులో ఉంచుకున్నారు. దాన్ని దుప్పట్లలో చుట్టి కార్లో జాగ్రత్తగా స్టూడియోకి తెచ్చారు. కథ నచ్చక ఆ తర్వాత సినిమాను దాదాపు మొదటినుంచీ మళ్లీ తీశారనుకోండి, అది వేరే సంగతి.

అంత పెద్ద స్టూడియోకే ఆ గతి పడితే ఇళ్లలో మాటేమిటి? పెళ్లి ఫొటోలు, పాపాయి తొలి అడుగుల వీడియో, ఇంటి దస్తావేజుల స్కాన్లు... అన్నీ ఒక్క ఫోన్‌లోనే! 'గూగుల్ ఫొటోస్‌లో ఉన్నాయి కదా' అంటారు చాలామంది. ఉంటాయి. కానీ ఆ యాప్‌లో ఫొటో డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ అక్కడా రెండుచోట్లా పోతుంది. చెత్తబుట్టలో 60 రోజులుంటుంది, ఆపైన అంతే. పైగా 2021 జూన్ నుంచి కొత్త ఫొటోలన్నీ ఉచిత కోటాలోనే లెక్కకొస్తున్నాయి. అది నిండితే కొత్తవి చేరవు.

ఫొటోగ్రాఫర్లు పాటించే లెక్క ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటి బయట. ఫోన్, ఆన్‌లైన్ ఖాతా, ఓ హార్డ్‌డిస్క్ ఉంటే లెక్క సరిపోయినట్టే. ఆన్‌లైన్ వద్దనుకునేవారు రెండు డిస్కులు కొనాలి. రెండూ ఒకే బీరువాలో పెడితే మాత్రం లాభం లేదు. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లను ముంచిన బుడమేరు బీరువాలను వదల్లేదుగా! ఒక డిస్కును వేరే ఊళ్లో ఉన్న అక్కయ్యగారింట్లో ఉంచి, సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒకటిచ్చి ఒకటి తెచ్చుకుంటే సరి. దస్తావేజులున్న డిస్కుకు పాస్‌వర్డ్ తప్పనిసరి. అది ఇంట్లో ఇంకొకరికీ తెలిసుండాలి. కాపీ అవగానే డిస్కును ఊడదీసేయండి. తగిలించి ఉంచితే, కంప్యూటర్‌కు పట్టిన వైరస్ దానికీ పడుతుంది.

ఇక అందరూ వదిలేసే పని. ఆర్నెల్లకోసారి, ఓ ఆదివారం, డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి పాత ఫొటోలు ఓ పది తెరిచి చూడండి. తెరుచుకోకపోయినా కంగారేం లేదు. మిగతా కాపీలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఆ సాయంత్రమే కొత్త డిస్కు తెచ్చుకోవచ్చు.