కాంటెస్సాకి కండలు పెట్టాలా?

మా ఇంట్లో ఆరు నెలలుగా ఒకటే గొడవ. ఆస్తి పంపకాలు కాదు, పెళ్ళి సంబంధాలు అంతకన్నా కాదు. షెడ్డులో పడున్న కారు గురించి. 1992 మోడల్ కాంటెస్సా, తెలుపు రంగు, ఏపీ 31 నంబరు. దాన్ని కొత్తలో ఎలా ఉండేదో అచ్చం అలా రిస్టోర్ చేయించాలా, లేక ఈ కాలానికి తగ్గట్టు మోడిఫై చేయించాలా అన్నది ప్రశ్న. పదేళ్ళ కిందట "ఇనప సామాన్లవాడికి వేసెయ్యండి" అన్నవాళ్ళే ఇప్పుడు తలో సలహా ఇస్తున్నారు. సరే, నా గోడు కూడా రాసేస్తే ఓ పనైపోతుందని మొదలెట్టాను.

ముందు కథా కమామీషు. మా నాన్న స్టీల్ ప్లాంటులో రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. 1999లో ఓ వ్యాపారి దగ్గర లక్షా పదివేలకి ఈ బండిని సెకండ్ హాండ్‌లో కొన్నారు. లక్షణంగా మారుతి కొనుక్కోక ఏనుగుని తోలుకొచ్చారని అమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు దాటితే ఆ రోజు మాకు పండగే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వేపకొమ్మ విరిగి, షెడ్డు రేకులతో సహా దాని నెత్తిన పడింది. సొట్టలు తీయించి మళ్ళీ నడిపారు. 2020 లాక్‌డౌన్‌లో ఆగింది.. అంతే, ఇక కదల్లేదు.

కుర్రాళ్ళకి కాంటెస్సా అంటే ఏంటో తెలియకపోవచ్చు. అంబాసిడర్ తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళదే ఇది కూడా. 1970లలో ఇంగ్లండులో వచ్చిన వాక్స్‌హాల్ విక్టర్ ఎఫ్ఈ అనే కారు అచ్చుల్ని కొనుక్కొచ్చి, 1984లో కాంటెస్సా పేరుతో వదిలారు. పొడుగాటి బానెట్టు, నల్లటి గ్రిల్లులో నాలుగు గుండ్రటి లైట్లు, వెనక చక్రాలకి పవరు. ఎదురుగా వస్తుంటే అమెరికా సినిమాల్లో కారులాగే ఉండేది. అందుకే మన దేశంలో 'మజిల్ కార్' అనగానే జనం దీని పేరు చెబుతారు.

చూడ్డానికే సుమండీ. కండల సంగతికొస్తే నవ్వొస్తుంది. మజిల్ కార్లకి ఆద్యురాలని చెప్పుకునే 1964 నాటి పాంటియాక్ జీటీవోలో 6.4 లీటర్ల వీ8 ఇంజను, 325 హార్స్ పవర్. మన కాంటెస్సాకి మొదట్లో పెట్టింది అంబాసిడర్ ఇంజనే. 1489 సీసీ, యాభై చిల్లర గుర్రాలు. పెద్ద ఎద్దుబండికి దూడని కట్టినట్టు! తరవాత జపాన్ ఇసుజు వాళ్ళ 1.8 లీటర్ ఇంజను, ఐదు గేర్లతో వచ్చాక గుర్రాలు 88 అయ్యాయి. అయినా ఒక జీటీవోకి సరితూగాలంటే దాదాపు నాలుగు కాంటెస్సాలు కావాలి. 2002లో దీని తయారీ ఆగిపోయింది. 2014లో అంబాసిడరూ ఆగింది.

హైదరాబాద్‌లో నా ఆఫీసు మిత్రుడొకడికి ఈ బండి ఫోటో చూపించడమే నేను చేసిన తప్పు. అరగంటలో డిజైన్ డాక్యుమెంట్ తయారు. టయోటా ఇంజను దించాలట, నాలుగు తలుపులు కోసి రెండు చెయ్యాలట, నల్ల రంగు, లావు టైర్లు, చెవులు చిల్లులు పడే సైలెన్సరు. "మచ్చా, ఇది మస్టాంగ్ అయిపోద్ది" అన్నాడు. అయిపోద్ది సరే, తరవాత పోలీసుస్టేషన్‌కి ఎవరెళ్తారు?

ఉత్తినే అనడం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటితో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్ళిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట ఖాయం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో ఒక్కో మార్పుకి ఐదువేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు అని రాశారు. పైగా అలా కోసి అతికించిన బండికి రేప్పొద్దున్న ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళతో వాదించడానికి మన దగ్గర ఏ ముక్కా ఉండదు. నాలుగు తలుపుల బాడీలో రెండు తీసేస్తే దాని బలం ఎంత తగ్గిందో ఎవరు టెస్ట్ చేశారు? మనం ఆఫీసులో ఒక్క లైను మార్చినా టెస్టింగ్‌కి పంపుతాం కదా!

కాబట్టి నేను రెండో పార్టీ. ఏదీ ముట్టుకోకూడదు, అంతా ఒరిజినల్‌గా ఉండాలనే పార్టీ. అదే రంగు, అవే చక్రాలకప్పులు, అదే స్టీరింగు. బీడింగుల కోసం, వెనక లైట్ల గాజుల కోసం ఊళ్ళు పట్టుకు తిరగడానికి కూడా సిద్ధపడ్డాను. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, బాడీ, ఛాసిస్, ఇంజను పెద్దగా మారకుండా ఉన్న బండిని 'వింటేజ్' కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఆ గౌరవం మన బండికీ దక్కాలని నా కోరిక. లెక్కేసుకుంటే మొట్టమొదటి కాంటెస్సాకే ఆ యోగం 2034లో. మా దానికి 2042లో. అప్పటికి నాన్నకి ఎనభై తొమ్మిదేళ్ళు. ఇంకో తిరకాసు ఏంటంటే, ఆ ముద్ర పడ్డాక మామూలుగా రోడ్డుమీద తిప్పుకోవడానికి వీల్లేదు. ఏ ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో తీసుకెళ్ళాలి.

ఈ రెండు పార్టీల వాళ్ళమూ మర్చిపోయిన సంగతి ఒకటుంది. తుప్పు. మాది కూర్మన్నపాలెం. సముద్రం గాలిలో ఉప్పుంటుంది, ఆ ఉప్పు తలుపుల అడుగున, చక్రాల పైన, డిక్కీ నేలలో చేరి నీళ్ళు పోయే కన్నాలు పూడుకున్నచోటల్లా తినేస్తుంది. ఆటోనగర్ నుంచి ఒకాయన వచ్చి చూసి, పుట్టీ పెట్టి పెయింటు కొట్టేస్తే తళతళలాడిపోద్దన్నాడు. నాన్న మారుమాట్లాడకుండా స్క్రూడ్రైవరు తెచ్చి, దాని పిడితో బాడీ చుట్టూ తట్టుకుంటూ వెళ్ళారు. "టంగ్ మంటే ఉక్కు. డబ్ మంటే పుట్టీ. ఇప్పటికే సగం డబ్ మంటోంది" అన్నారు. తుప్పుపట్టిన మేర కోసేసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, ప్రైమరు కొట్టి, లోపలి సందుల్లో మైనం పట్టిస్తేనే పని. మాకిచ్చిన అంచనాలో సగానికి పైగా ఈ రేకు పనికే పోతోంది. "జన్మంతా ఉక్కు ప్లాంటులో చేశాను. కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్ళు, చానెళ్ళు.. ఇంత పల్చటి రేకు మాత్రం మేం చెయ్యలేదురా" అని నవ్వారు. రంగు గురించీ ఇంజను గురించీ వాదించేవాళ్ళెవరైనా ముందు బండి కింద పడుకుని చూడండి. సగం వాదన అక్కడే ఆగిపోతుంది.

అసలు బాంబు తరవాత పేలింది. రేకు పని ఖాయం చేసుకుని నేను ఒరిజినల్ సామాన్ల జాబితా చదువుతుంటే నాన్న తన జాబితా తీశారు. పవర్ స్టీరింగు, ఏసీ, వెనక సీటుకి బెల్టులు. నాకు నోట మాట రాలేదు. మోడిఫై పార్టీ మా ఇంట్లోనే ఉందన్నమాట!

"అవన్నీ పెడితే ఒరిజినల్ పోతుంది నాన్నా" అన్నాను.

"ఒరే, నువ్వు దాన్ని పండక్కి గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగొచ్చి చూసెళ్తావు. నేను నడపాలి. ఆ స్టీరింగు తిప్పితే నా భుజం మూడ్రోజులు లేవదు. మీ అమ్మ ఎండలో పావుగంట కూచోలేదు. 2022లో సైరస్ మిస్త్రీ అంత పెద్ద కారులో వెళ్తూ పోతే, వెనకాల బెల్టు పెట్టుకోలేదని పేపర్లన్నీ రాశాయి. మన బండికి అసలు బెల్టే లేదు."

"అయినా సరే.. నాకు గుర్తున్న కారు ఇలా ఉండదు" అన్నాను.

ఆయన తలుపు తీసి డాష్‌బోర్డు మీద వేలు పెట్టారు. మధ్యలో చదరంగా కోసిన కన్నం, వంకర అంచులు. "నువ్వు ఇంటర్ చదివేటప్పుడు కేసెట్టు ప్లేయరు లేకపోతే కారెక్కనని అలిగావు. 2001లో రంపం పెట్టి దీన్ని కోయించాను. మరి ఆ రోజు ఒరిజినల్ గుర్తుకు రాలేదేం?"

ఇహ నేనేం మాట్లాడతాను? నేను రిస్టోర్ చేద్దామనుకున్న కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు కాదు. భీమిలి రోడ్డులో కేసెట్టు పెట్టుకుని తిరిగిన కారు. అంటే నా కోసం అప్పటికే మార్చేసిన కారు. ఏ వర్షనుకి రిస్టోర్ చెయ్యాలో తెలియకుండానే రిస్టోర్ రిస్టోర్ అని అరుస్తున్నానన్నమాట. నా మార్పు ఒరిజినల్, ఆయన మార్పు పాడుచెయ్యడం. ఎంత న్యాయం!

మర్నాడు ఆర్కే బీచ్‌కెళ్ళి కురుసుర ముందు కూచున్నాను. 1969లో నౌకాదళంలో చేరిన ఆ జలాంతర్గామి 2001లో రిటైరైంది. 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డునే ఉంది. లోపలి గేజీలు, పైపులు, బెర్తులు ఎలా ఉన్నవి అలాగే కాపాడారు. కానీ మనం లోపలికి ఎక్కేది పక్కన మెట్లెక్కి, తలుపులోంచి. నీళ్ళలో మునిగే ఓడకి పక్కన తలుపుంటుందా? చూడ్డానికి వచ్చే పిల్లలూ ముసలివాళ్ళూ నిచ్చెనమీంచి దిగలేరు కాబట్టి పెట్టారు. దానివల్ల అది కురుసుర కాకుండా పోయిందని ఎవరూ అనరే!

నేను చివరికి తేల్చుకున్నదేంటంటే.. రిస్టోరా, మోడిఫైయా అన్నది తప్పు ప్రశ్న. అడగాల్సినవి రెండు. ఈ మార్పు బండి ఎక్కేవాళ్ళ కోసమా, రోడ్డు పక్కన నించుని చూసేవాళ్ళ కోసమా? రేపు వద్దనుకుంటే వెనక్కి తీసెయ్యగలమా? మన భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ ఉందా లేదా? ఏసీ, బెల్టులు, వేరే బండినుంచి తెచ్చి బిగించే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగు.. ఇవన్నీ ఎక్కేవాళ్ళ కోసం. పాత భాగాల్ని పారెయ్యకుండా పెట్టెలో దాచితే ఎప్పుడైనా తిరిగి బిగించుకోవచ్చు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, రంగు.. ఆర్సీలో ఉన్నది ఏదీ మారదు. అయినా స్టీరింగు జోలికి వెళ్ళేముందు ఆర్టీవో ఆఫీసులో అడగడం మంచిది, మేమూ అడిగాకే మొదలెడుతున్నాం. తలుపులు కొయ్యడానికి, ఇంజను మార్చడానికి మాత్రం రోల్‌బ్యాక్ లేదు. అవి చూసేవాళ్ళ కోసం. వాటికి నా ఓటు పడదు.

ఖర్చు సంగతి కూడా చెప్పేస్తాను. తుప్పు పని, బ్రేకులు, వైరింగు, ఆ తరవాతే మిగతావి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ 2022లోనే చేయించాల్సింది, చేయించలేదు. 2025 ఆగస్టులో కేంద్రం ఇరవై ఏళ్ళు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు పదివేలు చేసింది. ఆలస్యానికి పడే జరిమానా దానికి అదనం. ఈ డబ్బులకి మంచి సెకండ్ హాండ్ ఆల్టో వస్తుందని అమ్మ లెక్కలు చెబుతోంది. వస్తుంది, కాదనను. లెక్కలతో అయితే అసలు 1999లోనే ఈ బండి కొనకూడదు.

డాష్‌బోర్డు కన్నం పూడ్చి కొత్తదానిలా చేస్తానని మెకానిక్ అన్నాడు. వద్దన్నాను. రోల్‌బ్యాక్ లేని మార్పు మా బండిలో అదొక్కటే. అది నా పేరు మీదే ఉంది, ఉండనీ.

మీ ఇళ్ళలోనూ షెడ్డులోనో మెట్లకిందో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. చేతక్కో, రాజ్‌దూతో, పద్మినీయో. దాన్ని ఏం చెయ్యాలో మీలో మీరు తేల్చేసుకునే ముందు, దాన్ని నడిపే మనిషిని ఒక్కమాట అడగండి. నాలాగా ఆర్నెల్లు వాదించాక కాదు, ముందే.