సాలెపురుగును గుర్తుపట్టాకే మందు డబ్బా మూత తీయండి

పురుగుమందు డబ్బా మీది త్రికోణం రంగులు మన రైతులకు తెలుసు. ఎరుపు అంటే అన్నిటికన్నా ఎక్కువ విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మరి వరి దుబ్బుల్లో తిరిగే సాలెపురుగుల రంగులు, మచ్చలు ఎంతమందికి తెలుసు? మందు పేరు చెప్పడానికి దుకాణదారు ఉన్నాడు. దోమను తినిపెట్టే జీవి పేరు చెప్పేవాళ్లే లేరు.

మా కొండాపూర్‌లో నిన్నటి పొలాలు ఇవాళ అపార్ట్‌మెంట్లు. బాల్కనీలో సాలెపురుగు కనబడితే స్ప్రే డబ్బా తీస్తారు. వాళ్లకు తెలియదు, సరే. సేద్యం చేసే మనమూ అదే పని చేస్తే నష్టం మన పంటకే.

గుర్తుపట్టడం కష్టం కాదు. ముందు కాళ్లు లెక్కపెట్టండి. పురుగుకు ఆరు, సాలెపురుగుకు ఎనిమిది.

దుబ్బు మొదట్లో, నీళ్లకు దగ్గరగా చురుగ్గా పరుగెత్తేది తోడేలు సాలెపురుగు. గోధుమ రంగులో ఉంటుంది, వీపు ముందుభాగాన పంగలకర్ర లాంటి గీత ఉంటుంది. గూడు అల్లదు, వెంటాడి పడుతుంది. రోజుకు 5 నుంచి 15 దోమలను తింటుంది. గుడ్ల సంచిని వెనక తగిలించుకుని తిరిగేదీ ఇదే.

కాళ్ల నిండా ముళ్లు, పొట్టకు రెండు పక్కలా ఏటవాలు తెల్లగీతలు ఉంటే అది లింక్స్ సాలెపురుగు. ఆకుల్లో మాటు వేసి రెక్కల పురుగులను పడుతుంది. సన్నగా, పొడుగ్గా, కాళ్లు చాచి ఆకు వెంబడి అతుక్కుని ఉండేది పొడుగు దవడల సాలెపురుగు. ఒంటి మీద పసుపు పట్టీలతో గుండ్రటి గూడు నడుమ కూర్చునేది తోట సాలెపురుగు.

రంగు ఒక్కటే నమ్మకండి. వయసును బట్టి, ఆడ మగను బట్టి మారుతుంది. గీత, ఆకారం, ఉండే చోటు కలిపి చూడండి. చేత్తో మాత్రం పట్టుకోవద్దు.

ఇక అసలు సంగతి. డబ్బా మీది త్రికోణం మనిషికి ఎంత ప్రమాదమో చెబుతుంది, సాలెపురుగు సంగతి చెప్పదు. ఆకుపచ్చ త్రికోణం ఉన్నంత మాత్రాన మిత్రజీవులకు హాని లేదనుకోవద్దు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే సాలెపురుగులు చస్తాయి. సుడిదోమ గుడ్లు మాత్రం ఆకు తొడిమ కణజాలం లోపల భద్రంగా ఉంటాయి. పిల్లలు బయటికొచ్చేసరికి తినేవాడు లేడు. దోమ రెట్టింపవుతుంది, మనం మళ్లీ దుకాణానికి పరుగెత్తుతాం.

ఇండోనేషియా ఈ దెబ్బ తిన్నాకే మేలుకుంది. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 పురుగుమందులను నిషేధించింది. 1989 నుంచి పొలంబడులు పెట్టి, మిత్రపురుగులను గుర్తుపట్టడం రైతులకు నేర్పింది.

మనకూ దారి లేకపోలేదు. భారతీయ వరి పరిశోధన సంస్థ, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రెండూ రాజేంద్రనగర్‌లోనే ఉన్నాయి. అక్కడి తెలివి పల్లెకు చేరాలి. ప్రతి రైతు వేదిక గోడ మీద సాలెపురుగుల రంగు బొమ్మలు పెట్టాలి. మందు సిఫారసు చేసే ప్రతి అధికారీ ముందు పొలంలో దిగి దోమలెన్ని, సాలెపురుగులెన్ని అని లెక్కపెట్టాలి. సంఘం మండల సమావేశాల్లో ఈ రెండు డిమాండ్లూ తీర్మానం చేయాలి.

అంతవరకు ఆగక్కర్లేదు. రేపు పొద్దున పొలానికి పోయి ఓ పది దుబ్బులు విడదీసి చూడండి. పంగలకర్ర గీత కనబడితే, ఆ రోజుకు మందు ఖర్చు ఆపి ఆలోచించండి.