‘అనుమానం పెనుభూతం’: ఒక అభ్యంతరం

భర్త భార్యను హత్య చేసినప్పుడల్లా మన పత్రికలు దాదాపు ఒకే వాక్యం రాస్తాయి: అనుమానం పెనుభూతమై నిండు ప్రాణాన్ని బలిగొంది. ఈ వాక్యంలో కర్త అనుమానం. కత్తి పట్టిన మనిషి ఎక్కడా కనిపించడు. పత్రికల సంగతి అలా ఉంచితే, సాహిత్య పరిశోధకులు సైతం ఇదే వాక్యానికి శాస్త్రీయ పరిభాష తొడిగి, అటువంటి పాత్రలను ‘ఒథెల్లో సిండ్రోమ్’ బాధితులుగా నిర్ణయిస్తున్నారు. ఈ నిర్ణయం వైద్యానికీ చెందదు, విమర్శకూ చెందదు.

ఆ పేరును 1955లో జాన్ టాడ్, కెన్నెత్ డ్యూహర్స్ట్ తమ వ్యాసంతో ప్రచారంలోకి తెచ్చారు. పేరులోనే పొరపాటుంది. తర్కశాస్త్రంలో అనుమానం ఒక ప్రమాణం. పొగను బట్టి నిప్పును నిశ్చయించడం. దానికి హేతువు కావాలి. ఒథెల్లోకు చేతిరుమాలు హేతువు. ఇయాగో కల్పించిన దుష్టహేతువే అయినా, దాని నుంచే అతడు నిశ్చయానికి వచ్చాడు. అతడు మోసపోయినవాడు. ‘ది వింటర్స్ టేల్’లోని లియాంటీస్‌ను ఎవరూ రెచ్చగొట్టలేదు, కొలువంతా కాదన్నా వినక, చివరికి దైవవాణినే అబద్ధమన్నాడు. ఈర్ష్యాభ్రాంతికి (దీన్ని అసూయ అనడం సరికాదు, అమరకోశం ప్రకారం అసూయ అంటే గుణాలలో దోషారోపణ) తగిన ఉదాహరణ అతడు.

కార్ల్ యాస్పర్స్ దీనిపై కీలకమైన మాట చెప్పాడు. భార్య నిజంగానే పరపురుషుణ్ణి ప్రేమించినా భర్త నమ్మకం భ్రాంతి కావచ్చు. పరిశీలించవలసింది ఆ నమ్మకం ఏర్పడిన తీరును. మన వ్యాసాలు దీన్ని తలకిందులు చేస్తాయి. ముందు నాయిక శీలవతి అని నిరూపించి, ఆపైన భర్తను రోగి అంటాయి. ఆమె శీలవతి కాకుంటే అతడు ఏమవుతాడు? చనిపోయిన స్త్రీయే మళ్లీ బోనులో నిలబడుతుంది.

ఈర్ష్యాభ్రాంతి లేదని నా వాదన కాదు. బ్రాడ్‌మూర్ ఆసుపత్రిలోని హంతకులను పరిశీలించి రోనాల్డ్ మోవాట్ 1966లో దీనిపై గ్రంథమే వెలువరించాడు. మద్యపానంతోనూ, కొన్ని మెదడు వ్యాధులతోనూ దానికి సంబంధం ఉంది. అయినా రోగం ఉన్నంత మాత్రాన బాధ్యత తొలగదు. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ అడిగేది వేరు: ఆ క్షణంలో, మతిస్థిమితం లేనందున, తాను చేస్తున్న పని స్వభావాన్ని గాని, అది తప్పు లేదా చట్టవిరుద్ధమన్న సంగతిని గాని అతడు తెలుసుకోలేకపోయాడా? మునుపే కత్తి దాచి, తరువాత శవాన్ని మాయం చేసిన కథానాయకుడికి ఆ మినహాయింపు దొరకడం కష్టం. పాత్రను రోగి అనదలచిన పరిశోధకుడు ఆ పాత్ర హేతువు ఎక్కడిదో కథలోనే వెతకాలి: తల్లి మాటా, రచ్చబండ నవ్వా, కట్నం తగాదాయా, లేక ఏదీ లేదా?