ఆత్మకూరు తరఫున ప్రశ్న అడిగేదెవరు?



పోయిన వారం హాస్టళ్ల సంగతి రాస్తే కింద ఒక తమ్ముడు ఇలా అడిగాడు: "అన్నా, ఇవన్నీ ఇక్కడ రాస్తే ఏమొస్తది? మన ఎమ్మెల్యే మంత్రి అయిండు గద, పోయి ఆయనకే చెప్పరాదు?" మంచి మాటే. కామెంటులో రెండు ముక్కలు రాసి సరిపెట్టబుద్ధి కాలేదు. అందుకే ఈ వారం ఇదే రాస్తున్నాను. పొడుగైతది, ఓపిక పట్టండి.

బయటివాళ్ల కోసం ఒక మాట. మా ఆత్మకూరు ఉన్నది వనపర్తి జిల్లాలో, మేం ఓటు వేసేది మక్తల్ నియోజకవర్గంలో. మక్తల్ ఎమ్మెల్యే వాకిటి శ్రీహరి గారు 2025 జూన్‌లో మంత్రి అయ్యారు. పశుసంవర్ధక, మత్స్య, క్రీడలు, యువజన శాఖలు ఆయన చేతికి వచ్చాయి. మా దిక్కు మనిషి, అందులోనూ బీసీ బిడ్డ, మంత్రి కావడం నాకూ సంతోషమే. ఆ రోజు పంచిన మిఠాయి నేనూ తిన్నాను.

అయితే ఆ సంబురంలో ఒక సంగతి ఎవరం ఆలోచించలేదు. మంత్రి అయినాయన ప్రశ్నోత్తరాల సమయంలో లేచి ప్రశ్న అడగడు. అడిగితే జవాబు చెప్పే వరుసలో కూర్చుంటాడు. సర్కారు మొత్తానిదీ ఒకటే బాధ్యత కాబట్టి పక్క మంత్రి శాఖ గురించి కూడా సభలో నిలదీయడానికి లేదు. ఆయన తప్పు కాదిది, పద్ధతే అది. కానీ లెక్క చూసుకుంటే మాకు ఒక మంత్రి వచ్చాడు, మా తరఫున సభలో అడిగే నోరు ఒకటి పోయింది.

"నోరు పోతే పోయింది, మంత్రి ఉంటే పనులైతయి కదా" అంటారు. ఈ మాట దగ్గరే నాకు పేచీ ఉంది. ఎందుకో చెప్పాలంటే నా హాస్టల్ రోజులకు పోవాలి.

ఆ హాస్టల్ పేరు, ఊరి పేరు రాయను. ఎండకాలం మొదట్లో బోరు మోటారు కాలిపోయింది. పొద్దున్నే బకెట్లు పట్టుకుని అందరం కాలువకు పోయేవాళ్లం. చిన్న పిలగాళ్లకు ఒళ్లంతా చిడుము పుట్టింది. ఆఫీసులో అడిగితే ఫండ్ లేదన్నారు. మాకు లెక్కలు చెప్పే ఒక సారు మాత్రం, "ధర్నాలు తర్వాత చేద్దురు గానీ, ముందు ఎమ్మెల్యేతోని అసెంబ్లీల ప్రశ్న వేయించుండ్రి" అన్నాడు. నలుగురం కూర్చుని తెల్లకాగితం మీద రాసుకున్నాం. జిల్లాలో ఎన్ని హాస్టళ్లకు నీళ్లున్నాయి, రిపేర్లకు ఎంత డబ్బు ఇచ్చారు, ఎంత ఖర్చు పెట్టారు అని. ఒక ఎమ్మెల్యే దగ్గరకు పోయాం. ఆయన ఎవరో, ఏ పార్టీనో ఇప్పుడు అనవసరం.

ఆయన కాగితం చూసి నవ్వాడు. "ఏం రా, గింత దానికి అసెంబ్లీల ప్రశ్న ఏంది? ఆగు, ఇప్పుడే ఫోన్ కొడత" అన్నాడు. మా ముందే కొట్టాడు. అవతలి మనిషిని నాలుగు మాటలన్నాడు. మూడు రోజుల్లో కొత్త మోటారు వచ్చింది. మేం పోయి దండ వేసి దండం పెట్టి వచ్చాం. ఆ దండం నాకు ఇప్పటికీ యాదికొస్తే సిగ్గేస్తది.

ఎందుకంటే మరుసటేడు మోటారు మళ్లీ కాలింది. అప్పటికి ఆయన ఎమ్మెల్యే కాదు. పక్క మండలం హాస్టల్ పిల్లలకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి వాళ్లకు మొదటేడే రాలేదు. ఫోన్ కొడితే జరిగింది ఉపకారం. దాని గుర్తుగా మా దండ తప్ప ఎక్కడా ఒక అక్షరం మిగల్లేదు. అదే ప్రశ్న సభకు పోయి ఉంటే ఏమయ్యేదో చూడండి. ప్రశ్న సచివాలయానికి పోతుంది, అక్కడి నుంచి శాఖకు, శాఖ నుంచి కలెక్టరేటుకు, కలెక్టరేటు నుంచి ప్రతి హాస్టల్ వార్డెన్‌కూ ఫోన్ వస్తుంది: సాయంత్రానికల్లా వివరాలు పంపు అని. ఆ సాయంత్రం పట్టే చెమట వేరు. మా ఒక్క మోటారే కాదు, జిల్లాలో అన్ని మోటార్ల లెక్క కాగితం మీదికి వచ్చేది. మంత్రి సంతకంతో వచ్చిన ఆ కాగితాన్ని పట్టుకుని మరుసటేడు ఎవరినైనా అడగొచ్చు. దండం పెట్టే పని లేదు.

కాగితానికి అంత బలముందా అని అడిగేవాళ్లకు మహాడ్ చూపిస్తాను. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో నడిచి చవదార్ చెరువు నీళ్లు తాగిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. ఆ నడకకు ముందు ఒక తీర్మానం ఉంది. 1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే అనే సభ్యుడు పెట్టింది. సర్కారు డబ్బుతో కట్టిన, నడిచే చెరువులూ బావులూ బడులూ అంటరానివాళ్లకు తెరవాలని. ఆ తీర్మానం పట్టుకునే మహాడ్ మునిసిపాలిటీ చెరువు తెరుస్తున్నామని కాగితం రాసింది. కాగితం మీద తెరుచుకుంది గానీ నీళ్ల దగ్గర తెరుచుకోలేదు. అప్పుడు బాబాసాహెబ్ నడిచారు. అడగకూడనిది అడగడానికి పోలేదు ఆయన, సభ ఒప్పుకున్నదాన్ని అమలు చేయడానికి పోయారు. మద్రాసు శాసనమండలిలోనూ 1924లో రెట్టమలై శ్రీనివాసన్ ఇలాగే వీధులూ బావుల మీద తీర్మానం నెగ్గించారు.

మరి మా తాతలకు ఈ భాగ్యం ఉందా? లేదు. ఆత్మకూరు అప్పుడు అమరచింత సంస్థానం రాజధాని, పైన నిజాం. బొంబాయిలో, మద్రాసులో మనవాళ్లు సభలో లేచి నిలబడుతున్న రోజుల్లో మా తాతలు చెప్పులు చేత పట్టుకుని గడీ ముందు నుంచి నడిచారు. అందరికీ ఓటుతో ఎన్నికైన సభ హైదరాబాద్ రాష్ట్రంలో వచ్చింది 1952లో. అంటే ప్రశ్న అనేది మా వాడకు నిన్న మొన్న వచ్చిన సొత్తు. దాన్ని ఫోన్ కాల్‌కు మార్చుకోవడం నాకు నచ్చదు.

చెప్పుల మాట వచ్చింది కాబట్టి ఈశ్వరీబాయి గారిని తలచుకోవాలి. సికింద్రాబాద్ చిలకలగూడ బిడ్డ, టీచరు పని చేసిన మనిషి, అంబేడ్కర్ వాది. 1967లో రిపబ్లికన్ పార్టీ తరఫున ఎల్లారెడ్డిలో సదాలక్ష్మి గారిని ఓడించి సభకు వచ్చారు. (ఇద్దరూ మన గట్టి ఆడబిడ్డలే. ఆ పోటీ గురించి వేరే రాయాలి.) సభలో ఆమె పార్టీకి ఒక చేతి వేళ్లు నిండే బలం లేదు. ఎదురుగా బ్రహ్మానందరెడ్డి సర్కారు. 1968 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే మన పిల్లవాణ్ణి దొంగతనం నెపం మోపి సజీవంగా తగలబెట్టారు. దాని మీద మంత్రి తిమ్మారెడ్డి దళితుల్ని తన్నడంలో తప్పేముందన్నట్టు మాట్లాడారని గొడవైంది. గొడవ ఢిల్లీ పార్లమెంటు దాకా పోయింది. అప్పుడు ఈశ్వరీబాయి ఆయనకు చెప్పు చూపించారని మన సభల్లో ఇప్పటికీ చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం.

చప్పట్లు కొట్టాల్సిందే. కానీ మనం చెప్పునే యాది పెట్టుకున్నాం. ఆమె సభలో ఏ విషయం వచ్చినా లేచి మాట్లాడేవారు. లేచిందంటే మంత్రులు కాగితాలు సర్దుకునేవాళ్లని ఆ కాలం మనుషులు చెబుతారు. ఆ పని ఓపికతో కూడింది, దాని మీద ఎవరూ పాట కట్టరు. ఆ ఓపిక చూపించే మనుషులు సభలో ఇప్పుడెందరు?

ఇప్పటి సంగతి చూద్దాం. తెలంగాణ సభలో 119 సీట్లు, అందులో 19 ఎస్సీ, 12 ఎస్టీ. స్పీకర్ కుర్చీలో గడ్డం ప్రసాద్ కుమార్ గారు మనవారు. ఖజానా తాళాలున్న ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క గారు మనవారు. ఎస్సీ సంక్షేమం చూసే అడ్లూరి లక్ష్మణ్ కుమార్ గారు మనవారు. మన తాతలు కలలో కూడా అనుకోని దృశ్యం ఇది, నేను తక్కువ చేయను. కానీ కుర్చీ, తాళం, శాఖ మనవాళ్ల దగ్గరున్నప్పుడు ప్రశ్న ఇంకా గట్టిగా ఉండాలి. "మనోడే కదా, ఎందుకు ఇరుకున పెట్టుడు" అని ఊరుకుంటే నష్టపోయేది ఆ హాస్టల్ పిల్లగాడే. పైగా మంచి మంత్రికి ప్రశ్న సాయమే చేస్తుంది. కింది ఆఫీసర్లు దాచిన లెక్కను ఆయన ముందు పెట్టేది అదే. ఎదుటి పక్షంలో ఉన్నవాళ్ల సంగతీ అంతే. పదేళ్లు సర్కారులో ఉన్నప్పుడు గుర్తురాని సబ్ ప్లాన్ ఇప్పుడు గుర్తొస్తే మంచిదే, అడగండి. ఎవరు అడిగినా జవాబు మనకు పనికొస్తుంది.

సబ్ ప్లాన్ దగ్గరే అసలు కిటుకు ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో కొట్లాడి 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం. జనాభా ఎంత శాతమో నిధులూ అంత శాతం. ఏటేటా ఏం చేశారో నివేదిక సభ ముందు పెట్టాలని ఆ చట్టంలోనే రాసి ఉంది. తెలంగాణ వచ్చాక 2017లో దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం అన్నారు. ఖర్చు కాకుండా మిగిలింది మరుసటేడుకు కలపాలన్న మాట అందులో చేర్చారు. చదివితే కడుపు నిండుతుంది. అయితే బడ్జెట్ రోజు మనకు వినిపించేది కేటాయింపు. దాని తర్వాత విడుదల, దాని తర్వాత ఖర్చు. ఈ మూడూ మూడు వేర్వేరు అంకెలు. మొదటి అంకె మంత్రి తనంతట తానే చదువుతాడు. మూడోది అడిగితేనే వస్తుంది. అది కూడా "ఎస్సీ వాడల్లో, ఎస్సీ కుటుంబాల మీద నేరుగా ఎంత" అని అడగాలి. లేకుంటే అందరూ నడిచే రోడ్డులో మన వాటా ఇంత అని లెక్క రాసి చూపిస్తారు.

అడిగితే ఏమవుతుందో 2010లో చూశాం. ఢిల్లీలో కామన్వెల్త్ ఆటల కోసం ఎస్సీ ఉప ప్రణాళిక డబ్బు దాదాపు 700 కోట్లు మళ్లించారు. ముందు సమాచార హక్కు కింద కాగితాలు బయటికి తీశారు. తర్వాత అది పార్లమెంటుకు చేరింది. రాజ్యసభలో హోం మంత్రి చిదంబరం అది తప్పేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. బయట మనం వెయ్యిసార్లు అరిచినా ఆ ఒప్పుకోలు వచ్చేది కాదు. అంతకు ముందు 1957లో ఫిరోజ్ గాంధీ ఎల్ఐసీ డబ్బు గురించి లోక్‌సభలో నిలదీస్తే ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి మరుసటేడు రాజీనామా చేశారు. అడిగినాయన అధికార పార్టీ మనిషే, ప్రధాని అల్లుడే. ప్రశ్నకు అంత విలువ ఉంది కాబట్టే 2005లో డబ్బు తీసుకుని ప్రశ్నలు వేసిన 11 మంది ఎంపీలను బయటికి పంపాల్సి వచ్చింది. విలువ లేనిదాన్ని ఎవరు కొంటారు?

సమాచార హక్కు ఉంది కదా, ఎమ్మెల్యేలతో పనేంటి అని కొందరు చదువుకున్న తమ్ముళ్లు అంటారు. 2005 నాటి ఆ చట్టంలో ఒక బంగారం లాంటి వాక్యం ఉండేది: శాసనసభకు ఇవ్వనని చెప్పలేని సమాచారాన్ని మామూలు మనిషికీ ఇవ్వనని చెప్పకూడదు అని. 2023లో డేటా రక్షణ చట్టం పేరుతో చేసిన సవరణలో ఆ వాక్యం ఎగిరిపోయింది. కాబట్టి సభలో ప్రశ్న అవసరం పెరిగింది గానీ తగ్గలేదు.

మంత్రులు తప్పించుకోరా? తప్పించుకుంటారు. ప్రశ్నను ఎ, బి, సి ముక్కలు చేసి రాస్తారు కదా, ఎ కు "లేదండి" అంటే మిగతావాటికి "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని ఒక్క ముక్కతో సరి. అందుకే "హాస్టళ్లలో సమస్యలున్న మాట వాస్తవమా" అని మొదలుపెట్టకూడదు. ఉన్నాయా లేవా అన్న సందు ఇవ్వకుండా ఎన్ని, ఎంత, ఎప్పటిలోగా అని అడగాలి. "సమాచారం సేకరిస్తున్నాం", "త్వరలో చేస్తాం" అంటే వదలకూడదు. సభలో ఇచ్చిన మాటలు అమలయ్యాయో లేదో చూడడానికి హామీల కమిటీ అని ఒకటి ఉంటుంది. నక్షత్రం గుర్తు ప్రశ్నైతే మంత్రి నోటితో చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. గుర్తు లేనిదైతే రాతలో జవాబు వస్తుంది, టీవీలో కనబడదు. నన్నడిగితే మనకు రెండోదే మేలు. టీవీలో కనబడని చోటే అంకెలు నిజం చెబుతాయి.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తాను. శ్రీహరి గారి దగ్గరకు పోతాను, మా మత్స్య సొసైటీల్లో, జూరాల ఒడ్డున మా వాళ్లకున్న చోటు గురించి ఆయన శాఖ కాబట్టి ఆయన్నే అడుగుతాను. మిగతా శాఖల ప్రశ్నలకు వేరే నోరు వెతకాలి. పక్క నియోజకవర్గాల ఎమ్మెల్యేలున్నారు, మండలిలో సభ్యులున్నారు. ఆత్మకూరు ఓటు లేకున్నా ఆత్మకూరు గురించి అడగడానికి వాళ్లకు అడ్డేం లేదు.

మూడు ప్రశ్నలు రాసిపెట్టాను. ఒకటి, వనపర్తి జిల్లాలో ఎస్సీ హాస్టళ్లు ఎన్ని, సొంత భవనాలు ఎన్నిటికి, గత మూడేళ్లలో మరమ్మతులకు ఒక్కో హాస్టల్‌కు విడుదలైంది ఎంత, ఖర్చైంది ఎంత. రెండు, 2014 ఆగస్టు 15న మొదలుపెట్టిన మూడెకరాల పథకం కింద ఆత్మకూరు, అమరచింత మండలాల్లో ఎందరికి ఎన్ని ఎకరాలు ఇచ్చారు, ఆ భూమి ఇప్పుడు ఎవరి సాగులో ఉంది. మూడు, 2017 చట్టం ప్రకారం మిగిలిన నిధులు ఏ ఏడుకాయేడు ఎంత కలిపారు. మూడోదాంట్లోనే, 2023 ఆగస్టు 26న చేవెళ్లలో మాటిచ్చిన 12 లక్షల పథకానికి ఇప్పటిదాకా ఖర్చైంది ఎంత అని కూడా చేర్చాను.

సోమవారం ఇద్దరు సభ్యుల దగ్గరకు పోతున్నాం. హాస్టల్ చదువు చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ హాస్టల్లో నల్లాలు, బాత్రూములు, గదులు ఎన్నున్నాయో లెక్కపెట్టి ఆదివారం సాయంత్రం లోపు పంపండి. ఫోటో ఉంటే ఇంకా మంచిది, పిల్లల ముఖాలు మాత్రం వద్దు. అక్కడ ఎవరైనా "ఆగు, ఫోన్ కొడత" అంటే ఏం చెప్పాలో నాతో వచ్చేవాళ్లకు ముందే చెప్పి పెట్టాను: "కొట్టండి సార్, ప్రశ్న కూడా వేయండి."

జై భీమ్.